బందరు చీరతో విలియమ్స్‌బర్గ్‌కు

శనివారం, రాత్రి పదకొండు కావస్తోంది

ఈయన మోకాళ్లకు తైలం రాసుకుని పడుకున్నారు. మనవడు స్నానం చేయకుండానే నిద్రపోయాడు. వాడి కాలివేళ్ల సందుల్లో మన్ను ఇంకా అలాగే ఉంది. పక్క దుప్పటి ఏమవుతుందోనని అమ్మాయి ఒకటే గొణుగుడు. నాకు నిద్ర రావడం లేదు కనుక ఈ పుస్తకం తీశాను.

ఇక్కడ అమెరికాలో రిచ్‌మండ్ నుంచి విలియమ్స్‌బర్గ్ గంట దారి. పద్దెనిమిదో శతాబ్దం నాటి ఊరిని మళ్లీ నిలబెట్టి, ఆ కాలం వేషాల్లో మనుషులను పెట్టి చూపించే చోటు అది. ఆ గంటా ఈయన సణుగుతూనే ఉన్నారు. "వేషాలు చూడడానికి డబ్బిచ్చి ఇంత దూరం పోవాలా? మన ఊళ్లో దసరా వస్తే పగటివేషాలు గుమ్మంలోకే వచ్చేవి కదా" అని. పైగా టిక్కెట్టు ధరను రూపాయల్లోకి మార్చి చూశారు. వద్దని అమ్మాయి ముందే చెప్పింది. నిజానికి ఆ వీధుల్లో ఊరికే తిరగడానికి టిక్కెట్టు అక్కరలేదు. ఇళ్లలోకి, పనిశాలల్లోకి వెళ్లాలంటేనే కావాలి. ఆ సంగతి తెలిశాక ఈయన ఏదైనా చెట్టు కింద బల్ల మీద కూర్చుంటానని బేరం పెట్టారు. ఎవరూ ఒప్పుకోలేదు.

ఊరి కథ నాకు నచ్చింది. 1699 నుంచి 1780 వరకు వర్జీనియాకు ఇదే రాజధాని. ఆ తరువాత రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోతే ఊరు వాడిపోయింది. పాత ఇళ్లను నిలబెట్టాలని గుడ్విన్ అనే చర్చి ఫాదరు కల కన్నారు. దానికి డబ్బు పెట్టడానికి కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్‌ను ఒప్పించారు. 1926లో పని మొదలైంది. అసలు పాతకాలం నాటి కట్టడాలు 88 మిగిలాయట. తరువాతి కాలంలో లేచిన ఇళ్లను వందల సంఖ్యలో పడగొట్టి, కూలిపోయినవాటిని పాత పునాదుల మీదే మళ్లీ కట్టారు. గవర్నరు భవనం అలా కట్టినదే. అసలుది 1781లో కాలిపోయింది. ఇప్పుడున్నది 1934లో తెరిచారు.

ముప్పై మూడేళ్లు సోషల్ పాఠాలు చెప్పినదాన్ని. కొత్తగా కట్టినదాన్ని చరిత్ర అని చూపిస్తే నాకు నమ్మకం కుదరదు. కానీ ఆ భవనం ముఖం ఎలా ఉండేదో చెక్కిన రాగి పలక ఒకటి ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో 1929లో బయటపడిందని గైడు చెప్పినప్పుడు కొంచెం మెత్తబడ్డాను. రాగి రేకు మీద ఉన్నదంటే మనవాళ్లు నమ్మేస్తాం, శాసనాల అలవాటు. లోపల అడుగు పెట్టగానే మొదటి గది గోడల నిండా తుపాకులు, కత్తులు, పువ్వుల్లా అమర్చి ఉన్నాయి. అర్జీ పట్టుకుని వచ్చినవాడు గవర్నరు ముఖం కంటే ముందు వాటిని చూడాలన్నమాట. కలెక్టరాఫీసు వరండాలో గంటలు గంటలు కూర్చోబెట్టడం గుర్తొచ్చింది. అదీ ఇదీ ఒకే విద్య.

బయట వీధిలో రెండు రకాల మనుషులున్నారని సగం రోజు గడిచాక గాని గ్రహించలేదు. కొందరు పాత్రలోనే ఉంటారు, ఏమడిగినా ఆ కాలం మనిషిగానే బదులిస్తారు. మూడు మూలల టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషిని "మీ జేబులో ఫోను ఉందా?" అని మనవడు నిలదీశాడు. ఆయన ఆ మాట జీవితంలో విననట్టు రెండుసార్లు పలికి చూసి, జేబులోంచి ఒక రుమాలు తీసి ఇచ్చాడు. వీడు పగలబడి నవ్వాడు. పనివాళ్లు అలా కాదు. బట్టలే పాతవి, మాటలు ఇవాళ్టివి. కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, పీపాలు చేసేవాడు అందరూ నిజంగా ఆ పని నేర్చుకున్నవాళ్లే. ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తే గాని ఒకరి చేతికి పని వచ్చిందని ఒప్పుకోరట. ఈయన పగటివేషాల వాదన అక్కడితో ఆగిపోయింది.

పూర్తిగా ఆగింది మాత్రం ఇటుకల దగ్గర. ఎండాకాలంలో చూడవచ్చినవాళ్లను చెప్పులు విప్పి గోతిలో దిగి మన్ను తొక్కమంటారు. మనవడు అనకముందే దూకాడు. నేను చూస్తుండగానే ఈయన కూడా ప్యాంటు మడిచి దిగిపోయారు. పొద్దుటి నుంచి మెట్టు ఎక్కలేనన్న మనిషి! వాళ్ల నాన్నగారికి ఊళ్లో ఇటుక బట్టీ ఉండేది. మన్నులో ఊక కలపాలని, లేకపోతే ఎండేటప్పుడు బీటలు వారుతుందని ఇటుకలు చేసే కుర్రవాడికి చెప్పారు. మనవడు దాన్ని ఇంగ్లీషులో చెప్పబోయి ఊక దగ్గర ఆగిపోయాడు. ఆ కుర్రవాడు చెక్క అచ్చులో ఇసుక చల్లి, మన్ను విసిరి, అంచు గీసి, ఇటుకను బోర్లించి చూపించాడు. ఈయన తల ఊపారు. ఆయనకది పెద్ద మెప్పు. ఈ ఇటుకలను ఎండబెట్టి చలికాలం ముందు కట్టెలతో కాలుస్తారట. అప్పుడు మళ్లీ వద్దామా అని ఈయనే అడిగారు!

ఉక్క బందరు ఉక్కలాగే ఉంది. అందుకే నేను నూలు చీరే కట్టుకెళ్లాను, పెడన అద్దకం చీర, కుంకుమ రంగు మీద నల్ల తీగ. ఆడవాళ్ల టోపీలు, గౌన్లు కుట్టే కొట్టులో అడుగు పెడితే కుట్టు పని చేస్తున్న ఆవిడ సూది ఆపి నా కొంగు వైపు చూసింది. "కోరమాండల్?" అంది. "మచిలీపట్నం" అన్నాను. ఆవిడ లేచి వచ్చి అంచు పట్టుకుని చూసింది. తరువాత తాను కుడుతున్న పువ్వుల గౌను గుడ్డ నా చేతిలో పెట్టింది. మన బట్టకు నకలు అది.

ఇంగ్లండులో 1721 చట్టం తరువాత అద్దకం నూలు బట్టలు కట్టుకోవడమే నేరం, అక్కడి నేతవాళ్ల గోల వల్ల. వలస రాజ్యాలకు ఎగుమతి చేసుకోవడానికి మాత్రం అడ్డు లేదు. అలా మన కోరమాండల్ తీరం బట్ట లండన్ మీదుగా వర్జీనియా దొరసానుల ఒంటి మీదికి చేరింది. కరక్కాయలో నానబెట్టి, పటిక పెట్టి, చిరివేరుతో ఎరుపెక్కించిన బట్ట అది. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనా పోదు కాబట్టే అంత గిరాకీ. మగవాళ్లు ఇంట్లో వేసుకునే వదులు అంగీని ఆ రోజుల్లో ఇక్కడ బాన్యన్ అనేవారని కూడా ఆవిడ చెప్పింది. మన బనియనూ అదే మాట! ఈయనకు చెబితే తన చొక్కా లోపలికి ఒకసారి చూసుకున్నారు.

అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాను. ఇంగ్లీషువాళ్లు ఇక్కడికి దగ్గరలోనే ఉన్న జేమ్స్‌టౌన్‌లో దిగింది 1607. మా బందరులో వర్తకం మొదలుపెట్టింది 1611. నాలుగేళ్లే తేడా. లండన్‌లో థామస్ స్మిత్ అనే ఒకే వర్తకుడు వర్జీనియా కంపెనీలోనూ ఈస్టిండియా కంపెనీలోనూ పెత్తనం చేశాడు. ఈ రెండు తేదీలనూ పిల్లలతో వల్లె వేయించాను గాని, ఏనాడూ నల్లబల్ల మీద పక్కపక్కన రాయలేదు. ఆ బట్ట అద్దిన చేతుల పేర్లు ఏ కొట్టులోనూ లేవు. కొన్నవాళ్ల పేర్లు మాత్రం లెక్కల పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి.

పిల్లనగ్రోవులు, డోళ్లతో కుర్రవాళ్ల దండు వీధిలో నడిచి వచ్చింది. మనవడు దాని వెనకే పరుగు. అమ్మాయి వాడి వెనక. నేను ఒక్కదాన్నే బ్రే స్కూలుకు వెళ్లాను.

చిన్న చెక్క ఇల్లు. ఇన్నాళ్లూ కాలేజీ ఆవరణలో వేరే పనులకు వాడుతుంటే ఎవరూ గుర్తుపట్టలేదు. 2020లో దూలాల చెట్టు వలయాలు లెక్కపెట్టి తేల్చారు. 2023లో ఇంటికి ఇల్లే బండి మీద ఎక్కించి ఇక్కడికి తెచ్చారు. 1760లో నల్లవాళ్ల పిల్లల కోసం తెరిచిన బడి, దాదాపు అందరూ బానిసల పిల్లలే. ఈ ఊరి జనంలో సగానికి పైగా బానిసలే ఉండేవారని అక్కడ చెబుతున్న నల్లజాతి అమ్మాయి నెమ్మదిగా, ఏ నటనా లేకుండా చెప్పింది. యాన్ వేజర్ అనే వితంతువు ఒక్కతే పంతులమ్మ, 1774లో చనిపోయేదాకా. బైబిలు చదవడం నేర్పాలి, యజమానికి అణిగి ఉండడం నేర్పాలి. బడి పెట్టినవాళ్ల ఉద్దేశం అది. ఒకసారి అక్షరం వచ్చాక పిల్లలు దాన్ని బైబిలు దగ్గరే ఆపుతారా? నాకు తెలిసిన ఏ పిల్లలూ ఆపలేదు.

ఆ బడి పిల్లల జాబితాలు మూడే మిగిలాయి. 1762 నాటి దానిలో 30 పేర్లు, దాదాపు ప్రతి పేరు పక్కన వయసు, యజమాని పేరు. నేను జీవితమంతా హాజరు పట్టీలు నింపాను. ఆ గడిలో తండ్రి పేరు రాయాలి. తండ్రి లేకపోతే సంరక్షకుడి పేరు. ఒక్కోసారి పిల్లవాడికే తెలియక తల గోక్కునేవాడు, అప్పుడు ఖాళీ వదిలేదాన్ని. ఆ జాబితాలో ఆ గడి ఖాళీగా లేదు.

ఆ అమ్మాయి ఏమైనా అడగాలా అంది. ఆ గదిలో పిల్లలు నేల మీద కూర్చునేవారా, బల్లల మీదా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. బయటికి వచ్చి ఈయన పక్కన కూర్చున్నాను. మన్ను ఎండి ఆయన పాదాలు బూడిద రంగులో ఉన్నాయి. ఏమయింది అని అడగలేదు, మంచినీళ్ల సీసా అందించారు.

ఇంటికొచ్చి చీర నానబెట్టాను. పక్క మీద వాలాక నా చివరి తరగతి హాజరు పట్టీ మనసులో పిలవడం మొదలుపెట్టాను. నలభై ఇద్దరు ఉండేవారు. ఇరవై ఏడు దగ్గర ఆగిపోయాను. ఆ తరువాతది ఆడపిల్ల, రెండు జడలు, కిటికీ పక్కన కూర్చునేది, నాన్న రిక్షా తొక్కేవాడు. పేరు రావడం లేదు. లైటు తీయమని అమ్మాయి రెండోసారి పిలుస్తోంది.