స్టెరాయిడ్‌కు లొంగని పెద్దపేగు పూత: వైరస్ పరీక్ష దాకా నా అనుభవం

నాకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు పూత, ఉందని తెలిసి కొన్నేళ్లయింది. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మెసలమైన్, అజాథియోప్రిన్ మాత్రలు వేసుకుంటూ, క్లాసులు మానకుండా నెట్టుకొచ్చాను. పోయిన వానాకాలంలో జబ్బు తిరగబెట్టింది. రక్తం, బంకతో మోషన్స్. రాత్రి నిద్రలో కూడా లేవాల్సి వచ్చేది. డాక్టర్ గారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాశారు. ఇంతకుముందు ఆ మందు పడగానే రెండు మూడు రోజుల్లో రక్తం తగ్గేది. ఈసారి తగ్గలేదు, పైగా జ్వరం మొదలైంది. ఈ దశలో ఇరుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ తర్వాత ఏం చేశారో, ఎందుకు చేశారో వాళ్ల కోసమే రాస్తున్నాను.

"డోసు పెంచేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి మేడమ్. ఒకటి సి. డిఫిసిల్ బ్యాక్టీరియా, రెండోది సీఎంవీ" అన్నారు మా గ్యాస్ట్రో డాక్టర్. మొదటిది మోషన్ పరీక్షలో తేలిపోయింది, లేదు. సీఎంవీ అంటే సైటోమెగలోవైరస్. ఆటలమ్మ తెచ్చే వైరస్‌కు దగ్గరి చుట్టం, హెర్పిస్ కుటుంబం. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఇది ఎప్పుడో సోకే ఉంటుంది. ఏ లక్షణమూ లేకుండా జీవితాంతం ఒంట్లో ఉండిపోతుంది. స్టెరాయిడ్, అజాథియోప్రిన్ లాంటివి రోగనిరోధక శక్తిని అణచినప్పుడు మళ్లీ లేచి, అప్పటికే వాచి ఉన్న పేగులో పెరగడం మొదలుపెడుతుంది. లక్షణాలు మాత్రం పేగుపూత లక్షణాలే. బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పలేం.

ఇక్కడ ఒక గందరగోళం జరిగింది. ఒక ల్యాబ్‌లో సీఎంవీకి ఐజీజీ అనే యాంటీబాడీ రక్తపరీక్ష చేసి, "వైరస్ పాజిటివ్ వచ్చింది మేడమ్" అని ఫోన్లోనే చెప్పేశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. మా అమ్మ, "బిడ్డా, గా వైరస్ ఏందే? పిల్లలకు గిట్ట అంటుతదా?" అని నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. "ఇది నీకూ ఉంటది, నాకూ ఉంటది, ఎప్పుడో చిన్నప్పుడే వచ్చి ఉంటదమ్మా" అని కూర్చోబెట్టి చెప్పాను. ఐజీజీ పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అర్థం. ఇప్పుడు పేగును పాడుచేస్తున్నది అదేనా అన్నది రక్తం చెప్పదు, పేగు ముక్కే చెప్పాలి. ఈ ఒక్క మాట రిపోర్ట్ ఇచ్చేటప్పుడే రోగికి చెప్తే ఎంత భయం తగ్గేదో.

బయాప్సీకి హైదరాబాద్ వెళ్లాం. కాజీపేట నుంచి రైల్లోనే. ఈ జబ్బున్నవాళ్లకు బస్సు ప్రయాణం ఎంత నరకమో చెప్పక్కర్లేదు. రైల్లో బాత్రూం పక్కన సీటు దొరికితే సికింద్రాబాద్ దాకా నిశ్చింత. మా ఆయన అలాంటి సీటే పట్టారు.

పేగు ఇంత వాచి ఉన్నప్పుడు పూర్తి కొలనోస్కోపీ చేయరు, చిల్లుపడే ప్రమాదం ఉంటుంది. ఎనిమా ఇచ్చి కిందిభాగం వరకే చూసే సిగ్మాయిడోస్కోపీ చేశారు. డాక్టర్ పుండు అంచు నుంచీ, అడుగు నుంచీ చాలా ముక్కలు తీశారు. వైరస్ పుండు అడుగున ఉండే రక్తనాళాల కణాల్లో దాక్కుంటుంది, పైపైన తీస్తే దొరక్కపోవచ్చు. ఆ ముక్కలకు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ప్రత్యేకమైన రంగు పరీక్ష చేస్తారు. వైరస్ ఉన్న కణాలు గోధుమరంగులో కనబడతాయి. అడగకపోతే మామూలు బయాప్సీతోనే సరిపెట్టే అవకాశం ఉంది కాబట్టి, రిక్వెస్ట్ కాగితం మీద సీఎంవీ అని రాసి ఉందో లేదో మీరే చూసుకోండి.

రిపోర్ట్ వచ్చేలోపు పేగులో ఉండే వైరస్‌ల గురించి చదవడం మొదలుపెట్టాను. తరగతిలో ఫేజ్ బొమ్మ, తలా తోకా కాళ్లతో, ఏటా బోర్డు మీద గీస్తాను. బ్యాక్టీరియాను తినే ఆ వైరస్‌ను 1917లో ఫెలిక్స్ డెరెల్ పారిస్‌లో కనుక్కున్నది విరేచనాల రోగుల మలంలోనే అని కూడా చెప్తాను. కానీ ఆ ఫేజ్‌లు నా పేగులోనూ కోట్లలో ఉన్నాయని, నా జబ్బుతో వాటికి సంబంధం ఉండొచ్చని ఎప్పుడూ ఆలోచించలేదు.

2010లో చిట్టెలుకల మీద జరిగిన ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. పేగుపూత లాంటిదే మరో పేగు వాపు జబ్బయిన క్రాన్స్ వ్యాధితో ముడిపడ్డ ఏటీజీ16ఎల్1 అనే జన్యువులో లోపం ఉన్న ఎలుకలకు, ఆ లోపం ఒక్కటే ఉంటే పేగులో ఏమీ కాలేదు. ఎలుకల నోరోవైరస్ సోకాకే క్రాన్స్‌ను పోలిన మార్పులు వచ్చాయి. జన్యువు, వైరస్ రెండూ కలవాలన్నమాట. మా ఇంట్లో ఎవరికీ లేని జబ్బు నాకే ఎందుకు వచ్చిందని ఏళ్లుగా అడుగుతున్నాను. జవాబు ఇదేనని అనను, కానీ జవాబు ఎలా ఉండొచ్చో మొదటిసారి అర్థమైంది.

2015లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం, పేగుపూత, క్రాన్స్ రోగుల మలంలో తోక ఉన్న ఫేజ్‌ల రకాలు పెరిగాయని చూపింది. ఫేజ్‌ల వల్ల వాపా, వాపు వల్ల ఫేజ్‌లా? ఇది ఇంకా తేలలేదు. 2019లో మరో బృందం, కొన్ని ఫేజ్‌లు నేరుగా రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి ఎలుకల్లో కొలైటిస్‌ను ఎక్కువ చేశాయని చూపింది. 2022లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు, ఆపరేషన్‌లో తీసిన పేగుల నుంచి వైరస్‌లను వేరుచేశారు. ఆరోగ్యంగా ఉన్న పేగుల వైరస్‌లు వాపును అణిచాయి, జబ్బు పేగుల వైరస్‌లు పెంచాయి. అంటే మంచి చేసే వైరస్‌లూ ఉన్నాయి. 2016లో ఎలుకలకు వైరస్‌లను చంపే మందులు ఇస్తే కొలైటిస్ మరింత ముదిరింది. అది చదివాక, వైరస్ అన్నదల్లా పోవాలన్న నా తొందర చల్లారింది. ఏ వైరస్, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న.

నా ముక్కల్లో సీఎంవీ కనబడింది, అదీ ఎక్కువ కణాల్లో. ఒకటి రెండు కణాల్లోనే కనబడితే అది ఊరికే అక్కడ ఉన్నట్టేమో అని డాక్టర్లే తేల్చుకోలేరట. నాది అలా కాదన్నారు. చేర్చుకుని గాన్‌సైక్లోవిర్ సెలైన్‌లో, రోజుకు రెండుసార్లు ఎక్కించారు. అజాథియోప్రిన్ ఆపారు, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించారు. గాన్‌సైక్లోవిర్ తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది కాబట్టి రక్తం తరచూ తీసేవారు. నరం దొరక్క రెండు చేతులూ నీలంగా కమిలిపోయాయి. కొద్ది రోజులకు జ్వరం పోయింది, తర్వాత రక్తం తగ్గింది. మిగిలిన కోర్సుకు వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. అవి ఖరీదైనవి. ముందే కనుక్కుని డబ్బు సిద్ధం చేసుకోవడం మంచిది. హనుమకొండలో మొదటి మందుల షాపులో దొరకలేదు, తెప్పించి ఇచ్చారు.

డిశ్చార్జ్ రోజు డాక్టర్ గారిని అడిగాను: "సార్, ఈ జబ్బుకు ఫేజ్‌లనే మందుగా ఇస్తారని చదివాను, నాకు పనికొస్తుందా?" ఆయనకు ఆ విషయం తెలుసు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2022లో, వాపుతో సంబంధమున్న క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా మీదికి ఐదు ఫేజ్‌ల మిశ్రమాన్ని పంపి ఎలుకల్లో వాపు తగ్గించింది. మనుషుల్లో, అదీ ఆరోగ్యవంతుల్లో, భద్రత వరకే చూశారు. "ఇంకా మందు కాలేదు మేడమ్, ఎవరైనా అమ్ముతామంటే కొనకండి" అన్నారు. నేనూ అదే చెప్తాను.

ఇప్పుడు మోషన్‌లో కాల్‌ప్రొటెక్టిన్, అంటే పేగు వాపును చూపే ప్రొటీన్, బాగా తగ్గింది, క్లాసులకు వెళ్తున్నాను. అజాథియోప్రిన్ బదులు, ఒళ్లంతటి మీద కాకుండా ముఖ్యంగా పేగు మీదే పనిచేసే వెడోలిజుమాబ్ మొదలుపెడదామంటున్నారు. దానికి ముందు టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే కావాలి. అవి ఇక్కడే చేయించాను, రిపోర్టులు తీసుకుని వచ్చే వారం మళ్లీ కాజీపేటలో రైలెక్కాలి.