పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్ ఇంట్లోకి ఎందుకు రాదు?

పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో కరెంటు స్తంభాల మీద నల్లటి సన్న కేబుల్ కనిపిస్తే ఊళ్లోకి ఫైబర్, అంటే వెలుగు రూపంలో నెట్ మోసే గాజు పోగు, వచ్చేసిందనుకుంటారు. అది ఊరి మీదుగా పోతూ ఉండొచ్చు, అంతే. ఊరికి పనికొస్తుందో లేదో తెలియాలంటే దగ్గరలో స్ప్లిట్టర్ డబ్బా (ఒక పోగులోని వెలుగును చాలా ఇళ్లకు పంచేది) ఉందా, అందులో ఖాళీ పోర్టు ఉందా అని చూడాలి.

కేంద్రం 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదించిన పథకమే ఇప్పటి భారత్‌నెట్. టెలికం కంపెనీల ఆదాయం మీద వేసే లెవీతో నడిచే నిధి నుంచి దీనికి డబ్బు వస్తుంది. ఆ నిధిని ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. మొదట్లో లక్ష్యం మండల కేంద్రం నుంచి గ్రామ పంచాయతీ దాకా లైను వేయడమే. ఇల్లు అప్పటి లెక్కలో లేదు. మన రాష్ట్రం ఏపీ ఫైబర్‌నెట్‌తో వేరే దారి పట్టింది. తవ్వకుండా స్తంభాల మీదే కేబుల్ లాగి, పరికరాలను కరెంటు సబ్‌స్టేషన్లలో పెట్టింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెట్, ఫోను, టీవీ కలిపి నెలకు 149 రూపాయల నుంచి అన్నారు. చివరి ముక్క, అంటే వీధి నుంచి గుమ్మం దాకా లైను, ఊరి కేబుల్ ఆపరేటర్ల చేతిలో పెట్టారు. పేచీ అంతా ఆ ముక్కలోనే.

ఎందుకో లెక్క వేసి చూడండి. సబ్‌స్టేషన్లో వెలుగు పంపే పరికరం ఓఎల్‌టీ. దాని నుంచి సుమారు ప్లస్ 3 డీబీఎం వెలుగు బయల్దేరుతుంది. డీబీఎం వెలుగు బలానికి కొలత, డీబీ దారిలో పోయే నష్టానికి కొలత. 12 కిలోమీటర్ల ఫైబర్‌లో కిలోమీటరుకు పావు డీబీ చొప్పున 3 డీబీ పోతుంది. నాలుగు దారుల స్ప్లిట్టర్ 7, ఆ తర్వాతి ఎనిమిది దారులది 10.5 డీబీ దాకా తింటాయి. అతుకులు, కనెక్టర్లు కలిపి మరో 2 వేసుకోండి. మొత్తం 22.5 డీబీ పోయి ఇంటి ఓఎన్‌టీకి, అంటే ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే మోడెం డబ్బాకు, మైనస్ 19.5 డీబీఎం చేరుతుంది. ఇది దిట్టమైన లైను. మైనస్ 25 దాటితే అంచున ఉన్నట్టు, మైనస్ 27, 28 దగ్గర తెగుతూ కలుస్తూ ఉంటుంది. 3 డీబీ పోయిందంటే వెలుగు సగమైపోయిందని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఆ వెలుగును ఏవి మింగేస్తాయంటే, మొదట వంపులు. డ్రాప్ వైరును, అంటే వీధి నుంచి ఇంట్లోకి వచ్చే సన్న లైనును, మేకుకు చుట్టి బిగించినా, కిటికీ రెక్క కింద నలిపినా లైను తెగదు గానీ వెలుగు కారిపోతుంది. బొటనవేలి చుట్టూ తిప్పినంత బిగువు అసలు పనికిరాదు. తర్వాత కనెక్టర్లు. ఆకుపచ్చ కొన ఆకుపచ్చ సాకెట్లోకే పోవాలి. నీలం దాంట్లో దూరుతుంది కాబట్టి పెట్టేస్తారు, కోణం కలవక నష్టం పెరుగుతుంది. కొనను వేలితో తాకితే జిడ్డు అంటుకుంటుంది, స్పిరిట్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. వెలుగు వస్తోందా అని కంట్లో పెట్టి చూడకండి, అది కంటికి కనిపించని కాంతి.

ఊరి బయట శత్రువులు వేరే. చెరకు లోడు, గడ్డి లోడు ట్రాక్టర్లు కిందికి జారిన కేబుల్‌ను లాక్కుపోతాయి. మామిడి కొమ్మల రాపిడికి పైతొడుగు అరుగుతుంది. తుఫాను వానల్లో జాయింట్ బాక్సు మూత సరిగా బిగియకపోతే నీళ్లు దిగుతాయి. నెట్ ఆ రోజే పోదు, వారాల తరబడి నెమ్మదిస్తూ పోతుంది, అందుకే ఎవరూ వానను అనుమానించరు. తవ్వి పాతిన చోట రోడ్డు వెడల్పు పనులు, నీళ్ల పైపుల జేసీబీలు ఉండనే ఉన్నాయి.

2023 ఆగస్టులో కేంద్రం సుమారు 1.39 లక్షల కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ మంచి మార్పే తెచ్చింది. మండలం నుంచి పంచాయతీల దాకా వరుస లైను బదులు రింగు వేస్తారు. ఒక పక్క తెగితే ఇంకో పక్క నుంచి నెట్ తిరిగి వస్తుంది. కానీ రింగు పంచాయతీ దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి మీ గుమ్మం దాకా ఉన్నది ఒంటి పోగే. నిర్వహణకు సొమ్ము ముందే లెక్కకట్టడం నాకు నచ్చిన విషయం. పాత పథకంలో వేయడానికి ఉన్న ఉత్సాహం అతకడానికి ఉండేది కాదు.

కరెంటు సంగతి. వీధిలోని స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. ఇంట్లో ఓఎన్‌టీకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే గంటల తరబడి నడుస్తుంది, ఓఎల్‌టీ దగ్గర బ్యాటరీ బాగుంటేనే సుమా. ఉరుములప్పుడు చాలామంది ఫైబర్ కొన పీకేస్తారు. గాజు పోగు పిడుగును మోయదు. పీకాల్సింది అడాప్టర్‌ను.

లైట్లు చదవడం నేర్చుకోండి. ఓఎన్‌టీ మీద LOS (లాస్) లైటు, అంటే వెలుగు అందడం లేదని చెప్పేది, ఎర్రగా వెలిగి పక్కింట్లో నెట్ బాగుంటే మీ డ్రాప్ వైరే. వీధంతా ఎరుపైతే పెద్ద కేబుల్ తెగింది, లేదా ఓఎల్‌టీ పడుకుంది. PON (పాన్) లైటు, అంటే ఓఎల్‌టీతో లైను కలిసిందని చెప్పేది, నిలకడగా ఉండీ నెట్ రాకపోతే ఫైబర్‌ను తిట్టకండి, బిల్లు, లాగిన్ లేదా ఓఎల్‌టీకి నెట్ తెచ్చే పై లింకు చూడాలి. చాలా ఓఎన్‌టీల్లో, బ్రౌజర్లో 192.168.1.1 అని కొడితే వచ్చే పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే అందుతున్న వెలుగు, అంకె కనిపిస్తుంది. లైను బాగున్న రోజే దాన్ని గోడ మీద రాసిపెట్టుకోండి. ఫోను చేసినప్పుడు ‘నెట్ రావడం లేదన్నా’ అనడం కన్నా ‘మైనస్ 20 ఉండేది, ఇప్పుడు మైనస్ 27 చూపిస్తోందన్నా, పక్కింట్లో బాగుంది’ అనండి. అప్పుడు ఆపరేటర్ చూసిపోవడానికి ఒకసారి, తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మిషన్ తేవడానికి ఇంకోసారి తిరగకుండా మొదటిసారే మిషన్‌తో వస్తాడు.