మా పాత స్లాబు, జైంతియా కొండల నీళ్లు

జనవరిలో మేఘాలయ వెళ్లినప్పుడు సోనాపూర్ దగ్గర లూఖా నదిని చూశాను. చలికాలంలో ఆ నీళ్లు నీలిమందు కలిపినట్టుంటాయి. బొగ్గు గనుల ఆమ్లపు నీళ్లు కలవడమే కారణమంటారు. పక్కనున్నాయన ఫొటో తీసుకోమన్నాడు. నాకు మనసొప్పలేదు.

అదే జైంతియా కొండల్లో ఖ్లీహ్రియత్ వైపు, వదిలేసిన బొగ్గు గుంతలోంచి కారే వాగులో రాళ్లన్నీ తుప్పు రంగే. ఒక సీసా నీళ్లు పట్టుకొచ్చాను. ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్ కాగితం 3 చూపించింది. మామూలు నీళ్లకు 7 దగ్గర ఉంటుంది, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ.

మా బాపు నమ్మలేదు. మందమర్రిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయిల పనిచేసిన మనిషి. "బాయి నీళ్లతోనే గద బిడ్డా, మన కాలనీల బట్టలుతికింది" అన్నాడు. నిజమే. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ, ఈశాన్యపు బొగ్గులో చాలా ఎక్కువ. అందులో కొంత ఇనుముతో కలిసి పైరైట్‌గా ఉంటుంది. దానికి గాలీ నీరూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియ తవ్వకాలను, అంటే మనిషి పాకుతూ దూరేంత సన్నటి సొరంగాల్లో బొగ్గు తీయడాన్ని, నిషేధించింది. తెరిచి వదిలేసిన గుంతల్లో ఆమ్లం మాత్రం ఇంకా ఊరుతూనే ఉంది.

ఇంటి వెనక మా పాత స్లాబు కూల్చిన పెళ్లలు కుప్పగా ఉన్నాయి. ట్రాక్టరతను కుంటలో పోసొస్తానంటే వద్దన్నాను. గట్టిపడ్డ సిమెంటులో సున్నం ఇంకా ఉంటుంది, ఆమ్లాన్ని విరిచేది ఆ సున్నమే. ఒక పెళ్లను రోట్లో దంచి జల్లించి, సీసాలో తెచ్చిన వాగు నీళ్లు ఒక గ్లాసులో పోసి అందులో వేశాను. అవే నీళ్లున్న ఇంకో గ్లాసులో గోళీలంత ముక్కలు వేశాను. తెల్లారేసరికి పొడి వేసిన గ్లాసులో ఎర్రటి మడ్డి అడుక్కి దిగి పైన నీళ్లు తేరాయి, కాగితం 8 దాటింది. ముక్కల చుట్టూ మాత్రం తుప్పు పొర పట్టింది. ఆ గ్లాసు 5 దగ్గరే ఆగిపోయింది.

వాగులో పెళ్లలు పారబోస్తే పని జరగదని అప్పుడు నాకు కళ్లారా తెలిసింది. మెత్తగా ఆడించాలి, నీళ్లలో కలియబెట్టాలి, మడ్డి తేరడానికి గుంట తవ్వాలి. లోహాలన్నీ ఆ మడ్డిలోకే దిగుతాయి కాబట్టి దాన్ని ఎత్తి భద్రంగా దాచాలి. ఆస్బెస్టాస్ రేకులు, రంగుల పెచ్చులు ముందే ఏరేయాలి. ఇంత చేసినా గంధకామ్లం నుంచి వచ్చిన సల్ఫేట్ చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది, తాగడానికి పనికిరావు. వాగు మళ్లీ వాగులా పారితే అదే నాకు పెద్ద సంగతి.

జైంతియా కొండల్లో సున్నపురాయికి కొదవలేదు కదా అంటారు. దానికోసం ఇంకో కొండ తవ్వాలా? పైగా ఆ నీళ్లలోని లోహాల్లో మాంగనీస్ అడుక్కి దిగాలంటే పీహెచ్ 9 దాటాలి, ఉత్త సున్నపురాయితో అంత పైకి పోవడం కష్టం. సిమెంటు పొడి పోగలదు. మందమర్రి నుంచి లారీలు పంపమనడం లేదు, షిల్లాంగ్‌లో కూల్చే ఇళ్లున్నాయి.

పెళ్లలు ఎండావానకు ఉంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి ఆ సున్నం సత్తువ తగ్గుతుందని బాపుకు చెప్పాను. సాయంత్రానికి ఆ కుప్ప మీద టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాడు.