బంతి కింద పడ్డాకే వీళ్ల ఆట

మెల్‌బోర్న్‌లో ఫుటీకి, అదే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కి వెళ్తే మావారి కళ్లన్నీ గాల్లోకెగిరే పొడుగాటి ఆటగాళ్ల మీదే. నేను వాళ్ల కాళ్ల దగ్గర కాచుకునే స్మాల్ ఫార్వర్డ్‌ని, అంటే గోల్ ముందు ఆడే పొట్టివాణ్ని చూస్తాను. పైన నలుగురు కలబడి బంతి చేజారిందా, పిల్లిలా దూకి అందుకుని గోల్‌కి తన్నేస్తాడు. ఆరు పాయింట్లు! ఎడీ బెట్స్ అయితే బౌండరీ గీత పక్కనుంచి, గోల్ సందే కనబడని చోటునుంచి కూడా కొట్టేవాడు. 350 మ్యాచ్‌లు, 640 గోల్స్. అడిలైడ్ ఓవల్‌లో ఆ మూలకి జనం అతని పేరే పెట్టేశారు.

బంతి అవతలివాళ్లకి చిక్కితే వెంటపడి ట్యాకిల్ చెయ్యడమూ, అంటే పట్టుకుని ఆపడమూ వీళ్ల పనే. 2017లో రిచ్‌మండ్ జట్టు తన పొడుగాటి ఫార్వర్డ్ జాక్ రీవోల్ట్ చుట్టూ ఈ చిన్నవాళ్లనే తిప్పి, గ్రాండ్ ఫైనల్లో అడిలైడ్‌ని 48 పాయింట్లతో ఓడించింది. మావారు ఆ కప్పుని ఇప్పటికీ ఆ జట్టు స్టార్ డస్టిన్ మార్టిన్ ఖాతాలోనే వేస్తారు. వేసుకోనివ్వండి.