25 కిలోల బండి, 75 కిలోల మనిషి

ఎక్కువ దూరం నడవలేని పెద్దవాళ్ల కోసం కారు డిక్కీలో పట్టే మొబిలిటీ స్కూటర్ చూసేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది బరువెంత అనే. 25 కిలోలని చెప్పగానే ఇక చూడాల్సిందేమీ లేదనుకుంటారు. డిక్కీలోకి ఎత్తే కొడుక్కో డ్రైవరుకో అది శుభవార్తే. నడిపే మనిషికి మాత్రం లెక్క వేరు. 75 కిలోల మనిషి ఎక్కి కూర్చుంటే మొత్తం 100 కిలోల్లో ముప్పావు వంతు సీటు మీదే ఉంటుంది. బరువైన స్కూటర్లలో అడుగున ఉన్న పెద్ద బ్యాటరీలు బండిని నేలకి అదిమి పెడతాయి. తేలిక బండికి ఆ ఆసరా తక్కువ. మీరు ఎటు ఒరిగితే అదీ అటే.

అందుకే మలుపుకి ముందే వేగం తగ్గించాలి. హ్యాండిల్ దగ్గర తాబేలు, కుందేలు బొమ్మలున్న గుండ్రటి నాబ్ ఉంటుంది. ఇంట్లోనూ, లిఫ్టులోనూ, జనం మధ్యా అది తాబేలు వైపే ఉండాలి. వేగంగా మలుపులోకి దూరాక భయపడి, వేలితో నొక్కి బండిని నడిపే లీవర్ వదిలేస్తే బ్రేకు పడుతుంది, ఒంటి బరువంతా ముందుకీ బయటివైపుకీ తూలుతుంది. మూడు చక్రాల మోడల్‌లో ఆ మూలన ఆనుకోవడానికి చక్రమే లేదు. ఇరుకు గదుల్లో, షాపుల్లో తిప్పుకోవడానికి మూడు చక్రాలది హాయిగానే ఉంటుంది. మన వీధుల్లోకి వెళ్లేవాళ్లకైతే నేను నాలుగు చక్రాలదే చెబుతాను.

ఇక బ్రేకు. చాలా మోడళ్లలో చేతితో పట్టే బ్రేకంటూ ఉండదు. వేలితో నొక్కే లీవర్ వదిలితే మోటారే వేగాన్ని గుంజేస్తుంది, బండి ఆగాక వెనక టక్కుమని విద్యుదయస్కాంత బ్రేకు పడుతుంది. ఏళ్ల తరబడి బజాజ్ చేతక్ నడిపిన చేతులకి ఇది కొత్త. కంగారు పుడితే ఆ చెయ్యి అలవాటుగా బిగుస్తుంది, ఇక్కడ బిగిస్తే బండి ఇంకా ముందుకి పోతుంది. ఖాళీ పార్కింగులో తాబేలు మీద పెట్టి నడిపిస్తూ, పక్కన ఒకరు "ఆగండి" అనగానే వేళ్లు విప్పేయడం సాధన చేయించండి. ఆలోచించకుండా విప్పే రోజు వచ్చేదాకా గేటు దాటించొద్దు.

వెనక చక్రాల దగ్గర ఇంకో చిన్న లీవర్ ఉంటుంది, ఫ్రీవీల్ లీవర్. దాన్ని తిప్పితే బండిని చేత్తో తోసుకోవచ్చు, కానీ బ్రేకు కూడా దాంతోపాటే పోతుంది. ఫ్రీవీల్‌లో ఉండగా సీటు మీద మనిషి ఉండకూడదు, ర్యాంపు మీద దాన్ని ముట్టుకోనే కూడదు. రోజూ ఎక్కేముందు తాళంచెవి తీసేసి, చదును నేల మీద బండిని ముందుకి తోసి చూడండి. కదలకూడదు. కదిలితే లీవర్ సగంలో ఆగిపోయి ఉంటుంది, లేదా బ్రేకు పాడై ఉంటుంది. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది: ఫ్రీవీల్‌లో వదిలేసిన బండి చాలా మోడళ్లలో అసలు నడవదు, లైటు మిణుకుమిణుకుమంటుంది. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఆ లీవర్ చూడండి. హ్యాండిల్ దగ్గరి లీవర్ నొక్కి పట్టుకుని తాళం తిప్పినా ఇలాగే మొరాయిస్తుంది. వదిలేసి, తాళం ఆపి, మళ్లీ తిప్పితే సరి.

అసలు ప్రమాదం ఆ బ్రేకు వెనక చక్రాలకి మాత్రమే ఉండటంలో ఉంది. రెండు వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉన్న బండి స్పీడ్‌బ్రేకర్ మీదకి ఏటవాలుగా వెళ్లిందనుకోండి. ఒక వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీదున్న చక్రానికి ఇటు లాగే బలమూ అందదు, అటు ఆపే బలమూ అందదు. ర్యాంపు అంచు మీద ఇదే జరిగితే బండి వెనక్కి జారుతుంది. దేన్నైనా తిన్నగా ఎదుర్కోవాలి. ఏ కోణంలోనూ కాదు. మన కాలనీల్లో సిమెంటుతో ఎవరికివారు పోసుకున్న స్పీడ్‌బ్రేకర్ల మీద పొట్ట తగలడం ఇంకో బాధ. ఈ బండ్ల అడుగుభాగం నేలకి కొద్ది సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పొట్ట ఆనిందంటే వెనక చక్రాలు తేలిపోతాయి. పక్కన ఖాళీ ఉంటే అటునుంచి వెళ్లడం, లేదంటే దిగి తోయించుకోవడం మంచిది.

ర్యాంపుల లెక్క కూడా చూసుకోవాలి. తేలిక మోడళ్లు చాలావరకు 6 డిగ్రీల వాలుకి సరిపడేలా చేస్తారు, అంటే అడుగు ఎత్తుకి దాదాపు తొమ్మిదిన్నర అడుగుల పొడవు. వీల్‌చైర్ ర్యాంపు ప్రమాణం అడుగుకి 12 అడుగులు, దాని మీద ఇబ్బంది లేదు. అపార్ట్‌మెంట్లలో కార్ల కోసం కట్టినవి వేరు. అడుగుకి 5 అడుగులే ఉంటే వాలు 11 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఎక్కేటప్పుడు వెనక్కి పల్టీ కొట్టే భయం, దిగేటప్పుడు జారే భయం. సీటు వెనక కూరగాయల సంచి తగిలించారంటే మొదటిది ఇంకా పెరుగుతుంది. వెనక ఉండే బుల్లి యాంటీ టిప్ చక్రాలు అడ్డమొస్తున్నాయని కొందరు తీసేస్తారు, అవి ఉండాల్సిందే. సంచి హ్యాండిల్‌కీ వద్దు, ఊగి లీవర్‌ని నొక్కుతుంది. సామాను ముందు బుట్టలో, అదీ కంపెనీ చెప్పిన బరువు మించకుండా.

ఎక్కడానికి: తాళంచెవి తీసేయాలి, సీటుని పక్కకి తిప్పి లాక్ పడిందో లేదో చూడాలి, చేతి ఆసరా పైకెత్తి వెనక్కి నడిచి కూర్చోవాలి. హ్యాండిల్ పట్టుకుని లేవకూడదు, కాళ్లు పెట్టే పలక అంచు మీద బరువు వేయకూడదు. కూర్చున్నాక చీర కుచ్చిళ్లు మోకాళ్ల కిందకి సర్దుకుని, కొంగు నడుముకి దోపుకోవాలి. పంచె అయినా, చున్నీ అయినా అంతే. వెనక చక్రానికి గుడ్డ చుట్టుకుంటే మనిషిని పక్కకి లాగేస్తుంది.

రోడ్డు మీద ఈ బండిలో కూర్చున్న మనిషి తల, నిలబడ్డ మనిషి తల కంటే బాగా కిందే ఉంటుంది. రివర్స్ తీసే కారు డ్రైవరుకి అది కనిపించకపోవచ్చు. సీటు వెనక అయిదడుగుల కర్రకి నారింజ జెండా కట్టండి, చూడటానికి ఎలా ఉందని ఆలోచించొద్దు. తడిసిన గ్రానైట్ మీద గట్టి రబ్బరు చక్రాలు జారతాయి. వానలో బయటికి తీయకండి, పైపు పెట్టి కడగకండి.

విడదీసే మోడల్ అయితే సీటు, బ్యాటరీ పెట్టె, ముందు చట్రం, వెనక మోటారు భాగం అని నాలుగు ముక్కలవుతుంది. తిరిగి బిగించాక సీటు స్తంభం పట్టి ఒకసారి పైకి లాగండి. రెండు చట్రాలు కొక్కేల్లో సరిగా కూర్చోకపోతే అప్పుడే తెలిసిపోతుంది.

చార్జర్ ఆ బండితో వచ్చిందే వాడాలి. లెడ్ యాసిడ్‌దీ లిథియందీ రెండూ 24 వోల్టులే అని రాసి ఉన్నా, చార్జింగ్ ఆగే వోల్టేజీ ఒకటి కాదు. పిల్లలు అమెరికా నుంచి పంపిన బండి అయితే చార్జర్ వెనక చూడండి. 100 నుంచి 240 అని ఉంటే ఇక్కడ నడుస్తుంది, 110 లేదా 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి కాలిపోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. చార్జింగ్ మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి, వీధి తలుపుకి అడ్డంగా వద్దు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీలోంచి తీసిన బ్యాటరీని చల్లారనివ్వకుండా చార్జింగ్ పెట్టకండి. లెడ్ యాసిడ్‌ని ఖాళీగా నెలలు వదిలేస్తే చచ్చిపోతుంది. లిథియం వాడకుండా ఉంచితే సగం చార్జితో ఉంచాలి. కంపెనీ 15 కిలోమీటర్లంటే 7 కిలోమీటర్లకే ప్రయాణం వేసుకోండి. బ్యాటరీ ముల్లుని బండి కదులుతుండగా చదవాలి, ఆగినప్పుడు అది కాస్త ఎక్కువ చూపిస్తుంది.

విమానానికి అయితే, విప్పి తీయగలిగే లిథియం బ్యాటరీ ఒకటే ఉన్న బండికి పరిమితి 300 వాట్ అవర్లు. వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణిస్తే లెక్క తేలుతుంది: 24, 10 అయితే 240, పర్లేదు. 24, 15 అయితే 360, కుదరదు. టికెట్ కొన్నప్పుడే ఎయిర్‌లైన్‌కి చెప్పి, బ్యాటరీ టెర్మినళ్లకి టేపు వేసి దాన్ని చేతి సామానులో పెట్టుకోవాలి. ఫ్రీవీల్ లీవర్ ఎటు తిప్పాలో ఇంగ్లీషులో చీటీ రాసి సీటు స్తంభానికి అతికించండి. లేకపోతే సామాను ఎక్కించేవాళ్లు బ్రేకు పడి ఉన్న బండిని అలాగే ఈడ్చుకుపోతారు, దిగేసరికి గేర్లు దెబ్బతిని ఉంటాయి.