బరంపురం పట్టు కొట్టు వెబ్‌సైట్‌లో అందరూ వాడగలిగే స్లైడర్: నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో మా బాబాయిది పట్టు చీరల కొట్టు. వెబ్‌సైట్ తెరవగానే చీరల ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరగాలని ఆయన కోరిక. ఎవరో చేసిపెట్టిన పాత స్లైడర్ అలాగే తిరిగేది కూడా. కానీ మా పాత ఖాతాదారు, రిటైరైన తెలుగు టీచరమ్మ గారికి నీటికాసులతో చూపు పోయింది. ఆవిడ ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెరను చదివి వినిపించే సౌకర్యం) పెట్టుకుని అన్నీ వినే తెలుసుకుంటారు. మా సైట్ తెరిస్తే ఆవిడకు వినిపించేది ఫొటో ఫైళ్ల పేర్లు, అంకెలు. తరతరాలుగా మా దగ్గరే చీరలు కొన్న కుటుంబం అది. స్లైడర్ మళ్లీ మొదటి నుంచి రాయాలని అప్పుడే అనుకున్నాను.

ముందు పాతదాన్ని ఎన్‌వీడీఏతో పరీక్షించాను. కంప్యూటర్‌లో తెరను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీట మాత్రమే నొక్కుతూ వెళ్తే లోపాలన్నీ బయటపడ్డాయి. బాణం గుర్తులు అసలు బటన్లే కావు, క్లిక్ పెట్టిన ఉత్త పెట్టెల్లాంటి డివ్‌లు. అందుకే కీబోర్డుకు అందవు. కనపడని స్లైడ్లను పారదర్శకం చేసి వదిలేశారు కాబట్టి వాటిలోని లింకుల మీదకు ఫోకస్ (కీబోర్డు ఎంపిక ఉన్న చోటు) వెళ్లిపోయేది. ఎక్కడున్నామో చూపున్నవాళ్లకే తెలియదు, ఇక లేనివాళ్ల సంగతి చెప్పాలా?

కొత్తదాంట్లో ముందుకు, వెనక్కు వెళ్లడానికి అసలైన బటన్లు పెట్టి, 'తర్వాతి చీర', 'ముందటి చీర' అని పేర్లు ఇచ్చాను. దాచిన స్లైడ్లను పూర్తిగా దాచాను. ఒక్కో స్లైడ్‌కు 'ఆరింటిలో రెండోది' లాంటి లేబుల్ ఉంటుంది. బటన్ నొక్కి స్లైడ్ మార్చినప్పుడు కొత్త చీర వివరం మాట మధ్యలో అడ్డుపడకుండా వినిపించేలా, మార్పును తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు తెలిపే ఏరియా-లైవ్‌ను 'పొలైట్'‌గా పెట్టాను. జరీ మెరుపులో తెల్ల బాణం కలిసిపోతోందని దాని వెనక ముదురు గుండ్రం వేశాను. ఇలాంటి గుర్తులకు కనీసం 3:1 కాంట్రాస్ట్ (వెనక రంగుతో వెలుగు తేడా) ఉండాలి. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని, వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలనే ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.2 చెబుతుంది. పెద్దవాళ్ల వేళ్లకు అది చాలదనిపించి 44 ఇచ్చాను. తెలుగు పేజీకి, ఇది తెలుగు అని కోడ్‌లో చెప్పే భాషా గుర్తు కూడా తప్పనిసరి. అది లేకపోతే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతు చదవబోయి ఖూనీ చేస్తుంది.

వేలితో జరిపే సౌకర్యం ఉంది కదా, బటన్లు ఎందుకని బాబాయి అడిగారు. టాక్‌బ్యాక్ వేసినప్పుడు ఒక్క వేలితో జరిపితే కదిలేది ఫొటో కాదు, ఫోకస్. అందుకే బటన్లు ఉండి తీరాలి.

అసలు పేచీ దానంతట అది తిరగడం దగ్గర వచ్చింది. ఇతర సమాచారం పక్కన, దానంతట అదే మొదలై 5 సెకన్లకు మించి కదిలేది ఏదైనా సరే, ఆపే వీలు ఉండాలన్నది నియమం. ఆపే బటన్ ఒకటి పెట్టి ఊరుకోవచ్చు. నా మట్టుకు నాకు అది సగం పనే. బాబాయి చేతికే ఫోన్ ఇచ్చి, "మూడో చీర ధర చదివి చెప్పండి" అన్నాను. కళ్లజోడు సర్దుకునేలోపు నాలుగోది వచ్చేసింది. "సరే, ఆపేయ్‌రా" అన్నారు.

కోడ్ కంటే ఎక్కువ శ్రమ పడింది ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోకు బదులు వినిపించే వివరణ) దగ్గరే. 'మెరూన్ రంగు పట్టు చీర' అని రాసి టీచరమ్మ గారికి వినిపించాను. "మెరూన్ సరే నాయనా, పెద్దంచా చిన్నంచా? కొంగు ఏ రంగు? కుంభం ఉందా లేదా?" అని వరసగా అడిగారు. కుంభమంటే బరంపురం పట్టుకు ప్రాణం. ఫొడా కుంభ నేతలో అంచు పొడవునా గుడి శిఖరాల్లా కోసుగా లేచే వరస అది. జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న నేత. దాని మాటే ఎత్తకపోతే ఇక ఆ వివరణ ఎందుకు?

ఆ చీర గురించి బాబాయి చెబుతుంటే రాసుకున్నాను: 'మెరూన్ ఒళ్లు, ఆకుపచ్చ పెద్దంచు, అంచు మీద రెండు వరసల కుంభం, ఆకుపచ్చ కొంగులో జరీ చారలు.' అది విని ఆవిడ, "ఇప్పుడు కనిపించింది. మనవరాలికి ఇదే తీసి ఉంచమను" అన్నారు.

ఇప్పుడు వివరణ పెట్టె ఖాళీగా ఉంటే ఫొటో అప్‌లోడ్ అవ్వదు. బాబాయి మొదట విసుక్కున్నారు గానీ, ఈమధ్య మగ్గం నుంచి చీర రాగానే వాయిస్ మెసేజ్ పంపేస్తున్నారు, నేను టైప్ చేస్తున్నాను. ఒడియా వివరణలు ఇంకా సగంలోనే ఉన్నాయి. పక్క కొట్టులోని నేత పెద్దాయన చెబుతానన్నారు, పండగ గిరాకీ తగ్గాక ఆయన దగ్గర కూర్చోవాలి.