మెత్తని రాళ్లకు మెరుపు తెచ్చిన వైనం

రాళ్లను డబ్బాలో తిప్పి నునుపు చేసే టంబ్లర్ యంత్రంలో మొదటి విడతగా వేసిన అగేట్లు, పలుగురాళ్లు గాజులా మెరుస్తూ బయటికొచ్చేసరికి నాకు ధైర్యం వచ్చేసింది. పద్ధతి తేలికే: ముతక గ్రిట్‌తో (రాళ్లను అరగదీసే పొడి) ఒక వారం, మధ్యరకంతో ఒక వారం, సన్న రకంతో ఇంకో వారం, చివరికి పాలిష్ పొడితో ఒక వారం. డబ్బా తిరుగుతూ ఉంటుంది, మనం ఎదురుచూస్తూ ఉంటాం. అదే ఊపులో రెండో విడతకి నారింజ రంగు కాల్సైట్ ముక్కలు, ఊదా, ఆకుపచ్చ రంగుల ఫ్లోరైట్ ముక్కలు తీసుకున్నాను. డబ్బా నిండలేదని మిగిలిపోయిన పలుగురాళ్లు కూడా కలిపి, 60/90 నంబరు ముతక గ్రిట్ (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది) వేసి, మూత బిగించి వారం రోజులు వదిలేశాను.

మూత తీస్తే చిక్కటి తెల్లటి బురద. చెయ్యి పెట్టి దేవితే పలుగురాళ్లన్నీ దొరికాయి. కాల్సైట్‌లో చింతగింజంత ముక్కలు మూడు మిగిలాయి. ఫ్లోరైట్ అయితే పెచ్చులు పెచ్చులుగా విడిపోయింది. ఆ ఊదా రాయిని ఎంతో ఇష్టపడి ఎంచుకున్నాను. అందుకే ఆ బురద కడుగుతున్నంతసేపూ మనసు ఉసూరుమంటూనే ఉంది.

తప్పెక్కడుందో అప్పుడు కూర్చుని వెతికాను. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పది ఖనిజాలను గట్టిదనం ప్రకారం 1 (అన్నిటికన్నా మెత్తనిది) నుంచి 10 (అన్నిటికన్నా గట్టిది) వరకు వరుసలో పెట్టాడు. అందులో కాల్సైట్‌ది 3, ఫ్లోరైట్‌ది 4, పలుగురాయిది 7. నేను వాడిన గ్రిట్ సిలికాన్ కార్బైడ్, అది 9 దాటే ఉంటుంది. అంటే నా కాల్సైట్‌ని గ్రిట్ ఒక పక్క అరగదీస్తుంటే, పక్కనున్న పలుగురాళ్లు ఇంకో పక్క గీకాయన్నమాట. అప్పటినుంచి తెలియని రాయి ఏది దొరికినా ముందు చాకు మొనతో ఓ మూల గీసి చూస్తున్నాను. చాకు 5.5 దగ్గర ఉంటుంది కాబట్టి గీత పడితే మెత్తని రాయి, పడకపోతే గట్టిది. రెండూ ఒకే డబ్బాలోకి వెళ్లవు.

గట్టిదనం ఒక్కటే కాదు, చీలే గుణం కూడా ఉంది. ఫ్లోరైట్ నాలుగు దిశల్లో, కాల్సైట్ మూడు దిశల్లో నున్నగా పలకలుగా చీలిపోతాయి. డబ్బాలో రాయి మీద రాయి పడ్డ ప్రతిసారీ ఆ చీలిక కొంచెం తెరుచుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన విషయం ఇదే: మెత్తని రాయికి కావలసింది రాపిడి, దెబ్బ కాదు. ఆ తర్వాత చేసిన మార్పులన్నీ దెబ్బ తగ్గించడానికే.

మూడో విడతకి రాళ్లను ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూసి, లోపల పగులు ఉన్నవి తీసి పక్కన పెట్టాను. పదునైన అంచుల్ని తడి ఉప్పుకాగితం మీద చేత్తోనే గుండ్రంగా చేశాను. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే తడిపి రుద్దాలి. రాళ్ల మధ్య మెత్తగా ఉండడానికి ప్లాస్టిక్ గుళికలు దండిగా పోసి, డబ్బాలో ముప్పావు వంతు నింపాను. నీళ్లు పై వరుస రాళ్ల కిందివరకే పోశాను. డబ్బా తిప్పగానే తేడా చెవికే తెలిసింది. రెండో విడతలో టకటకమని శబ్దం వచ్చేది. ఇప్పుడు తడి ఇసుక జారుతున్నట్టు సర్రుమంటోంది. ఆ శబ్దం విన్నాకే టెన్షన్ తగ్గింది. ఇప్పటికీ మూత పెట్టాక ఓ నిమిషం చెవి ఒగ్గి వింటాను. టకటకమంటే ఆపేసి ఇంకొన్ని గుళికలు పోస్తాను.

60/90 గ్రిట్ జోలికి అసలు పోలేదు. నేరుగా 220తో మొదలుపెట్టి పన్నెండు గంటలకోసారి మూత తీసి చూశాను. కాల్సైట్ 36 గంటలకే నున్నబడింది, ఫ్లోరైట్‌కి రెండు రోజులు పట్టింది. తర్వాత 500 గ్రిట్‌లో నాలుగు రోజులు.

ఆపైన పాలిష్ దశలో ఇంకో దెబ్బ తగిలింది. అల్యూమినియం ఆక్సైడ్ పొడి వేసి మూడు రోజులు తిప్పి తీస్తే, మెరుపు వచ్చింది గానీ దాని మీద సన్నటి గీతలున్నాయి. 220 దశలో వాడిన ప్లాస్టిక్ గుళికల్నే కడిగి మళ్లీ వేశాను. ప్లాస్టిక్ మెత్తన కదా, గ్రిట్ రేణువులు అందులో గుచ్చుకుని ఉండిపోయాయి. ఎంత కడిగినా పోవు. మెత్తని రాయి మీద ఒక్క ముతక రేణువు చాలు, చేసిన పనంతా పాడవడానికి. కొత్త గుళికలతో మళ్లీ 500 నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్కో దశకి ఒక్కో సీసా, పైన నంబరు రాసి పెట్టుకున్నాను. దశ మారేటప్పుడు డబ్బానీ, మూత అంచునీ, రాళ్ల సందుల్నీ టూత్‌బ్రష్‌తో తోముతాను. ఆ కడిగిన బురదని మాత్రం సింకులో పోయకండి, గొట్టంలో పేరుకుని గట్టిపడిపోతుంది. నేను బకెట్లో తేరనిచ్చి, పైనీళ్లు వంపేసి, అడుగున ఎండినదాన్ని చెత్తలో వేస్తాను.

రెండోసారి పాలిష్ అయ్యాక సబ్బు తురుము వేసి ఒక రోజంతా తిప్పాను. ఆ సబ్బునీళ్లు వంపి రాళ్లు ఆరబెడితే ఫ్లోరైట్‌లో కిటికీ వెలుగు కనిపించింది. తడిగా ఉంటే ఏ రాయైనా మెరుస్తుంది, అందుకే పూర్తిగా ఆరేదాకా నమ్మలేదు. కాల్సైట్‌కి అంత మెరుపు రాలేదు, పైన సన్నటి మంచు పొర లాంటిది ఉండిపోయింది. తడిగుడ్డ మీద పాలిష్ పొడి వేసి చేత్తో రుద్దితే అది కూడా చాలావరకు పోయింది. ఒక్కో రాయికి అరగంట పట్టింది. నాకైతే ఆ పని విసుగనిపించలేదు, వేళ్ల కింద రాయి జారుడుగా మారడం తెలుస్తుంటే ఆపబుద్ధి కాలేదు.

పన్నెండు ఫ్లోరైట్లలో తొమ్మిది నిలిచాయి. ఇప్పుడు డబ్బాలో నాలుగో విడత తిరుగుతోంది, అన్నీ కాల్సైట్లే. రాత్రి పదికి పన్నెండు గంటలవుతుంది, మూత తీసి చూడాలి.